ఉండకట్టిన కాంక్రీటు

తుప్పు పడుతుందని తెలిసీ ఇనుమునే నమ్ముతాం. తుప్పు పట్టని ప్లాస్టిక్‌ను చూస్తే నవ్వుతాం. ఎందుకు? ఏళ్ళ తరబడి నన్ను వదలని ప్రశ్న ఇది. అన్నయ్య లేని ఈ పూట, ఈ క్యాంటీన్ హాల్లో, మీ అందరి ఎదుట మళ్ళీ అడుగుతున్నాను.

పిల్లల్ని పొదువుకుని కూర్చున్న వదినా, అన్నయ్యతో సొరంగాల్లో తడిసిన తమ్ముళ్ళారా, ముందు వరసలోని అధికారులారా!

పాత సొరంగంలో ఊట నీటికి కాంక్రీటులోని ఇనప వల తుప్పుపట్టి, ఉబ్బి, పైకప్పు పెచ్చులుగా రాలడం అన్నయ్య చూశాడు. వల బదులు కాంక్రీటులో ప్లాస్టిక్ పోగులు కలుపుదామన్నాడు. "సొరంగం కడతావా, బకెట్లు అమ్ముతావా?" అన్నారు మీలో ఒకరు. మీటింగంతా పగలబడి నవ్వింది. అన్నయ్యా నవ్వాడు. "తుప్పుపట్టిన ప్లాస్టిక్ బకెట్టు ఒక్కటి చూపించండి సార్, రేపట్నుంచి అవే అమ్ముకుంటా!" ఆనాటి నుంచి ఆయన బకెట్ల ఇంజనీరు. ఇంట్లో వదినకి కూడా.

చివరికి సొరంగంలో ఓ చిన్న ముక్క అప్పగించారు. పోగుల్ని కొద్దికొద్దిగా చల్లుతూ కలపాలి. ఒకరోజు తొందరలో సంచులన్నీ ఒకేసారి గుమ్మరించారు. పోగులు ఉండలు కట్టాయి. అన్నయ్య ఆ కాంక్రీటంతా పారబోయించాడు. "ఉండలు కట్టిన పిండి ఇంట్లో మనమే తినం. దీన్ని జనం నెత్తిన పెడతామా?" అన్నాడు. ఆ ముక్క ఈనాటికీ చెక్కుచెదరలేదు.

ఆ తర్వాత? నవ్విన నోళ్ళే "భలే తేలిక, భలే త్వరగా అవుతుంది" అన్నాయి. అన్నయ్యను ఆఫీసు కుర్చీకి కట్టేసి, కొత్త సొరంగమంతా ప్లాస్టిక్ పోగులతోనే కట్టాయి. ఎలా కలిపారు? ఎవరు చూశారు? ఆ సొరంగం పైకప్పుకు పగులు వచ్చిందని విని, ఎవరూ పిలవకుండానే అన్నయ్య పరిగెత్తాడు. అందర్నీ బయటికి తరిమి, తాను చివర మిగిలాడు. పెచ్చు ఊడి మీద పడింది. ఆ పెచ్చును నేను చూశాను. ఒక మూల పిడికెడు పోగుల ఉండ. మిగతాదంతా వట్టి కాంక్రీటు.

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. మా అన్నయ్యకు ఆ మర్యాద కూడా దక్కలేదు. "ఆయన ప్లాస్టిక్కే ఆయన్ని మింగింది" అంటున్నారు. ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందండీ? అన్నయ్యను మింగింది మీ తొందర!

అయినా, కాలేజీలో ఈ ఇంజనీరింగే పిల్లలకు చెప్పే నన్ను ఒక అనుమానం తొలిచేస్తోంది. ఇనప వలలో చువ్వ తగ్గితే కంటికి కనిపిస్తుంది, ఎవరైనా అడగగలరు. పోగులు కాంక్రీటులో పడ్డాక ఎవరికి తెలుస్తుంది? ఇంత జాగ్రత్త కోరే వస్తువును ఇంత నిర్లక్ష్యపు చేతుల్లో పెట్టడం అన్నయ్య పొరపాటేనా? ఇనుమే వాడుంటే ఈరోజు బతికుండేవాడా? తేల్చుకోలేకపోతున్నాను. తేలిందని మీ ముందు నటించలేను.

లేవండి. అన్నయ్య కోసం అందరం మౌనంగా నిలబడదాం. ముందు వరసలోని పెద్దలారా, ఈ ఒక్క పనికైనా తొందరపడకండి.