అడివిపందులను ఉరికిచ్చిన పంకు ప్లేట్లు

కట్టంగూర్ల బిక్షమ్మ చాయ్ హోటల్ కాడ ఎల్లస్వామి బల్ల మీద సక్లముక్లం వెట్టి కూసున్నడంటే, ఇగ చాయ్ చల్లారాల్సిందే. పాతికేండ్లు లగ్గాలకు మైకుసెట్టు కిరాయికిచ్చిన మనిషాయె, మైకు లేకున్నా ఆయన మాట రోడ్డవతలికి ఇనవడ్తది. గియ్యాల మాత్రం గొంతు జర బొంగురువోయింది. తన కాడున్న పంకు పాటల గ్రామఫోను ప్లేట్లన్నీ పొద్దుగాల్నే పట్నం పిలగాడు సతీశ్‌కు అమ్మేసిండు. ఇంటికి పోతే ఖాళీ అటక కనవడ్తదని, అప్పటికెల్లి గీడనే కూసున్నడు.

"గా పంకు అంటే ఏంది మామా?" ఆటో ఎల్లేష్ అడిగిండు.

"పాటరా! పాటంటే పాట గాదు, కొట్లాట. ముగ్గురు పోరగాండ్లు గిటార్లు వట్టుకొని సర్కారును తిట్టుకుంట ఒర్లుతరు. దుకాణంల దొరకయి, ఆళ్ళే చాటుంగ అచ్చేసుకున్నయి. మా దోస్తు బాలకృష్ణ పట్నంల చదివేటప్పుడు ఓ తెల్లోడు దేశం పోతపోత డబ్బ నిండ ఇచ్చిపోయిండట. బాలకృష్ణంటే నా పానం. వాడు సచ్చిపోయి నాలుగేండ్లాయె, ప్లేట్లు నా కాడనే ఉండిపోయినయ్."

ఎల్లస్వామి సల్లారిన చాయ్ ఓ గుటక తాగి మళ్ళ అందుకున్నడు.

"తెలంగాణొచ్చిన ఏడు పల్లికాయ మీద అడివిపందులు వడ్డయి. మేమిద్దరం మంచెకు మైకు గట్టి ఒక్క ప్లేటేసినం. బాలకృష్ణ మంచె మీద ఎగురుతుంటే కట్టెలు కిర్రుమన్నయ్. నాలుగు పందులు ఉరికినయ్."

"గంతవరకు నమ్మొచ్చు," అన్నది బిక్షమ్మ.

"అటెన్క ఏమైందో ఎరుకేనా? తెల్లారి ప్లేటు బోర్లించి ఏసినం. నాలుగు గాదు, నాలుగు వందలు! కేతేపల్లి దాటి, మూసీ ఈది, మళ్ళ ఎనక్కి సూడలే. ఓ ముసలి పంది మాత్రం నా ముంగట ఆగి, కాళ్ళు రెండు జోడిచ్చి, 'అయ్యా, బంద్ చెయ్, నీ పల్లికాయ నీకే' అన్నది."

"తెలుగులనా?"

"మరి మన చేన్ల తిని పెరిగినదాయె, ఇంగ్లీషుల అంటదారా? ఇగ ఇంకో ప్లేటుకు మొగులే దడుసుకున్నది. నడి ఎండకాలం చెర్వులు అలుగు దుంకినయ్! గా ముచ్చట లండన్ దాక పోయింది. నిన్న అమ్ముతనంటే హెలికాప్టర్ దిగింది. ఎర్రజుట్టు దొరలు పదిమంది నా కాళ్ళ మీద వడ్డరు. కాలు మీద కాలేసుకొని, 'జరాగుండ్రి, చాయ్ తాగనీయుండ్రి' అన్న. ఆఖరుకు మనోడే గదా అని సతీశ్‌కిచ్చిన. ఇచ్చినంక అటు దిక్కు సూడను సుత సూడలే. ఎల్లస్వామి అమ్మిండంటే అమ్మిండు, అంతే!"

బిక్షమ్మ చాయ్ వడపోసుకుంటనే అన్నది: "హెలికాప్టర్ నాకు కనవడలే గని అన్నా, సతీశ్ కారు కనవడ్డది. నువ్వు చెప్పులిడిసి దానెనక ఉరికినవ్. అద్దం పట్టుకొని, 'ఒక్కపారి ముట్టుకుంట బిడ్డా' అని ఏడిస్తివి. పాపం, గా పోరడే దిగి నీకు నీళ్ళు తాపిండు."

ఎల్లేష్ తల దించుకున్నడు. ఎల్లస్వామి తువ్వాలతోని మొఖం తుడుసుకున్నడు.

"అటక కారి ప్లేట్లు ఖరాబైతున్నయ్. కాపాడలేకనే ఇచ్చిన," అన్నడు సిన్నగ. "నిజం జెప్తున్న బిక్షమ్మా, గా పాటలు నాకు ఒక్కటి సుత నచ్చలే. బాలకృష్ణగాడు ఎగురుతుంటే సూడాలని వెడుతుంటి."