తిరగేసి రాసిండనుకున్న

శామీర్‌పేట పోలీస్ స్టేషన్. 16-9-2025, మంగళవారం, పొద్దున తొమ్మిదిన్నర. ఎస్సై గారు అడుగుతుంటే చెప్పింది, స్టేషన్ రైటర్ రాసింది.

నా పేరు ధర్మేందర్. నాయిన పేరు ఎంకయ్య. వయసు నలభై ఏడు. ఉండేది శామీర్‌పేటల. మేడ్చల్ పొయ్యే తొవ్వల ఉన్న ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల అడ్మిషన్ సెక్షన్ క్లర్కును. రైటర్ సారూ, నేను చెప్పినట్టే రాయిర్రి, పుస్తకాల భాషలకు మార్సకుర్రి. ఒకలు రాసిన కాయిదాన్ని నా తెలివితోని సక్కదిద్దబొయ్యి గీడిదాంక తెచ్చుకున్న.

నిన్న మధ్యాహ్నం నుంచి కనపడకుంట పోయిన పిలగాని పేరు భానుతేజ. మా కాలేజీల ఫస్టియర్, పద్దెనిమిదేండ్లు. వాళ్ల నాయిన చలపతిరావు సార్ బ్యాంకుల పనిజేస్తరు. ఆంధ్ర దిక్కు నుంచి వచ్చి గీడ కొత్త కాలనీల ఇల్లు కట్టుకున్నరు. బయట బెంచీ మీద కూసున్నది ఆయన, పక్కన ఆయన భార్య బాలాత్రిపురసుందరి గారు. ఆమె మొఖం చూడలేక నేను ఎనుక గేటు నుంచి లోపలికొచ్చిన.

ముందుగాల ఒక్కటి చెప్త. నేను కావాలని చెయ్యలే. ఏం చేసిన్నో గూడ నాకు సక్కగ సమజైతలేదు.

మా కాలేజీల సీఎస్‌ఈ, అంటే కంప్యూటర్ సైన్సు, సెక్షన్లు ఏడాదికేడాది పెరుగుతనే ఉన్నయ్. కూసుండ జాగ లేక ల్యాబులల్ల గూడ కుర్సీలేసిన్రు. సివిల్ క్లాసు జూస్తే పదకొండు మంది. కొన్ని దినాలైతే గా క్లాసుల పిల్లలకంటె ఫ్యాన్లే ఎక్కువ. ఆగస్టుల బ్రాంచి మార్సుకునే టైం వస్తది, మేం స్లైడింగ్ అంటం. ఒక బ్రాంచిల సీటొచ్చినోళ్లు ఇంకో బ్రాంచిల ఖాళీ ఉంటే కాయిదం పెట్టుకుంటరు, మేం కంప్యూటర్ల ఎక్కిస్తం. ఇగ గప్పుడు జూడాలె నా కిటికీ. జాతర లెక్క ఉంటది. అమ్మలు ఏడుస్తరు. నాయినలు, మాకు ఎమ్మెల్యే తెలుసంటరు. ఒకామె నాకు అందరి ముందట రాఖీ కట్టి, అన్నా నీ మేనల్లునికి సీఎస్‌ఈ ఇప్పియ్యి అన్నది. సివిల్ వద్దు, మెకానికల్ వద్దు, సీఎస్‌ఈ గావాలె. అందరిదీ ఒకటే పాట.

పదిహేడేండ్ల నుంచి గదే కిటికీల కూసుంటున్న సార్. సీఎస్‌ఈ ఇడిసిపెట్టి సివిల్‌కు పోత అన్నోన్ని ఒక్కన్ని జూడలే. ఒక్కన్ని.

భానుతేజ కాయిదం ఆగస్టు ఇరవై రెండున వచ్చింది. తీసుకున్నది నేనే. ఏమున్నదో సదవలే, లైన్ల మంది నూకుతున్నరు. జిరాక్సు మీద ముద్ర కొట్టి ఆయన చేతిల పెట్టిన. గా ముద్రకు కాయిదం ముట్టింది అని అర్థం. పని అయింది అని గాదు. గీ మాట పిలగానికి చెప్పలే. ఎవ్వరికీ చెప్పం, అందరికీ ఎరుకే అనుకుంటం.

సోమవారం కంప్యూటర్ల ఎక్కిస్తుంటే చూసిన. ఇప్పుడున్న బ్రాంచి సీఎస్‌ఈ, కావాల్సిన బ్రాంచి సివిల్ అని ఉన్నది. నాకు నవ్వొచ్చింది. తొందరల తిరగేసి రాసిండు పాపం అని పక్క టేబులోళ్లకు గూడ చూపిచ్చిన, వాళ్లు గూడ నవ్విన్రు. కంప్యూటర్ల జూస్తే ఆయనకు ముందుగాల్నే సీఎస్‌ఈ ఉన్నది. మరి సీఎస్‌ఈ ఉన్నోడు మల్ల సీఎస్‌ఈ కోసం ఎందుకు రాస్తడు? గప్పుడు నీకు అనుమానం రాలేదా అంటున్నరు. వచ్చింది సార్. వచ్చింది గాబట్టే ఫోన్ చేసిన. ఊకె పక్కన పడేసే మనిషిని గాదు నేను.

ఫోన్ చేసింది పిలగానికి గాదు, వాళ్ల నాయినకు. మా దగ్గర పిల్లల నంబర్లుండయ్, పెద్దోళ్లయే ఉంటయ్. ఫీజైనా, హాజరైనా, మార్కులైనా మెసేజ్ పెద్దోళ్లకే పోతది. సదివేది పిలగాడే, గానీ ఆయన నంబరు మాకెందుకుండాలె అని ఏనాడూ ఎవ్వరం అనుకోలే.

"సార్, మీ బాబుకు సీఎస్‌ఈలనే సీటున్నది గదా, మల్ల బ్రాంచి కోసం కాయిదం ఎందుకు పెట్టిండు?" అన్న. సివిల్ అనే మాట నా నోట్ల నుంచి రాలే. తిరగేసి రాసిండని నాకు నేను ఖాయం చేసుకున్న, ఇగ ఆ మాట ఎత్తుడు ఎందుకనుకున్న.

"అయ్యో, వాడికి కంగారెక్కువండీ. ఎక్కడ సీటు పోతుందోనని రాసుంటాడు. సీఎస్‌ఈలోనే ఉంచెయ్యండి," అన్నరు చలపతిరావు సార్.

"గట్లనే సార్, రంది పెట్టుకోకుర్రి," అన్న.

"ఫోన్ చేసి మరీ అడిగారు. ఈ రోజుల్లో ఎవరండీ ఇలా? చాలా థాంక్స్," అన్నరు.

గా దినం నాకు మస్తు సంబురమైంది. ఒక పిలగాని సీటు కాపాడిన అని ఇంటికి పొయ్యి మా ఆమెకు గూడ చెప్పిన. కాయిదం మీద అడ్డం గీత కొట్టి, అవసరం లేదు అని రాసి పక్కకు పెట్టిన.

పిలగాడేమో ముద్ర చూసుకోని పని అయిందనుకున్నడు. పొయ్యి సివిల్ క్లాసుల కూసున్నడు. గాడ చెప్పేది సుప్రజ మేడం. ఆమెకు గా ముద్ర కొట్టిన జిరాక్సు చూపిచ్చిండట, ఆమె కూసో అన్నది. ఆమె తప్పేమున్నది సార్? వచ్చే ఏడు సివిల్ ఉంటదో మూస్తరో తెల్వక ఆమె ఇప్పటికే పరేషాన్ల ఉన్నది. ఉన్న పదకొండు మందికి ఇంకొకడు వచ్చి నేను గూడ సివిలే అంటే ఎవరైనా పొమ్మంటరా? రెండు పార్లు నా దగ్గరకు వచ్చి, "ధర్మేందర్ గారూ, భానుతేజ పేరు నా లిస్టుల ఇంకా రాలేదు," అన్నది. "వస్తది మేడం, ఉన్న పదకొండు మందికి అంత జల్దేంది?" అన్న. జోక్ చేసిన. ఆమె నవ్వలే.

అటు సీఎస్‌ఈల ఆయన పేరు పిలుస్తున్నరు, ఆబ్సెంట్ ఏస్తున్నరు. మెసేజ్ సక్కగ వాళ్ల నాయిన ఫోన్‌కు పోతాంది. ఆయన నాకే ఫోన్ చేసిన్రు. "మావాడు రోజూ మీ బస్సే ఎక్కుతున్నాడండీ, ఆబ్సెంట్ అని వస్తుందేంటి?" అన్నరు. "సాఫ్ట్‌వేర్ కొత్తది సార్, గడ్‌బడ్ అయితాంది," అన్న. అయితది గూడ. రానోనికి హాజరు పడ్తది, వచ్చినోనికి పడది. నేను అబద్ధం చెప్పిన అనుకోకుర్రి, నాకు నిజంగ గట్లనే అనిపిచ్చింది.

నిన్న పదకొండు గంటలకు చలపతిరావు సార్ బ్యాంకుకు సెలవు పెట్టి కాలేజీకి వచ్చిన్రు. మొదటి పరీక్షలకు అన్నిట్ల ఆబ్సెంట్ అని మెసేజ్ పోయింది. కిటికీ బయట నిలబడి ఫోన్ నా ముందట పెట్టిన్రు. "పొద్దున ఏడింటికి వెళ్లి సాయంత్రం ఐదింటికి వస్తున్నాడండీ. మధ్యలో ఎక్కడుంటున్నాడు? గంజాయా, బెట్టింగా? ఏదైనా చెప్పండి, నేను తట్టుకుంటాను," అన్నరు. లోపలికి పిలిచి కుర్సీ ఏసిన, నీళ్లిచ్చిన. పిలగాన్ని ఎతకమని అటెండర్‌ను తోలిన.

బ్లాకు ఎనుక దొరికిండు. సివిల్ పిల్లలు గాడ నేల ఎత్తుపల్లాలు కొలుస్తుంటరు. మూడు కాళ్ల స్టాండు మీద దుర్బిన్ లెక్కటిది పెట్టి ఒకలు చూస్తరు, ఇంకొకలు దూరంగ అంకెలున్న పొడుగు కర్ర పట్టుకోని నిలబడ్తరు. కర్ర పట్టుకున్నది ఈయనే. కర్రతోనే ఆఫీసుకు వచ్చిండు. బూట్లకు బురద, మోచేతికి బురద. మొఖం మాత్రం కళకళలాడుతాంది. పదిహేడేండ్లల్ల గా ఆఫీసుల గంత సంతోషంగ ఉన్న మొఖం నేను జూడలే సార్, ఒట్టు.

"ఇక్కడేం చేస్తున్నావురా?" అన్నరు నాయిన.

"క్లాసు నాన్నా. లెవెలింగ్."

"నీ క్లాసు పైన మూడో అంతస్తులో కదా?"

"నేను సివిల్‌కి మారాను నాన్నా. మిడ్ పరీక్షల మార్కులొచ్చాక మీకు చూపించి చెబుదామనుకున్నాను. మేడం నాకూ పరీక్ష పెట్టారు. మార్కులు ఇవాళే వచ్చాయి, క్లాసులో నావే ఎక్కువ."

సంచిలకెల్లి గా ముద్ర కొట్టిన జిరాక్సు తీసి ఇచ్చిండు. చలపతిరావు సార్ సదివిన్రు. మల్ల మొదటి నుంచి సదివిన్రు. అప్పుడు నా దిక్కు తిరిగిన్రు. "ఇలాంటిది వస్తే నాకు చెప్పక్కర్లేదా? బుద్ధుందా నీకు? ఏం గుమాస్తాగిరీ వెలగబెడుతున్నావు ఇక్కడ?" అన్నరు. అటెండర్ ఉన్నడు, పక్క టేబులోళ్లున్నరు, అందరి ముందట. నాకు కోపం వచ్చింది. నా నోరు మంచిది గాదు, కాలేజీల ఎవర్నన్న అడుగుర్రి.

"మీకే ఫోన్ చేసిన గదా సార్! సీఎస్‌ఈలనే ఉంచు అన్నది మీరు గాదా? మీదికెళ్లి థాంక్స్ గూడ చెప్పిన్రు గదా!" అని ఒర్రిన.

గా మాట నిజం సార్. దాంట్ల ఒక్క అచ్చరం తప్పు లేదు. గానీ పిలగాడు నా దిక్కు జూడలే, నాయిన దిక్కు జూసిండు.

"అంటే మీకు ముందే తెలుసా నాన్నా? తెలిసే ఆపించారా?" అన్నడు.

చలపతిరావు సార్ నోరు తెరిచిన్రు. మల్ల జిరాక్సు దిక్కే జూసిన్రు. ఫోన్ వచ్చింది నిజమే, ఉంచెయ్యండి అన్నది నిజమే, మరి లేదని ఎట్ల అంటరు? గప్పటికి ఆయనకు ఏమైందో సగం గూడ సమజ్ కాలే. నాకైతే సమజైంది. బాబూ, మీ నాయినకు తెల్వదు, నేను సివిల్ పేరే ఎత్తలే అని నేననాలె. ఒక్క ముక్క. అన్లే. తప్పు నా మీదికి రాకుంట పోయింది గదా అని సప్పుడు జెయ్యకుంట నిలబడ్డ.

పిలగాడు కర్రను గోడకు ఆనిచ్చిండు. జారవడ్తదేమో అని మల్లొక్కపారి సర్దిండు. సంచి గాడ్నే ఇడిసిపెట్టిండు, ఫోన్ గూడ సంచిలనే ఉన్నది. నడుసుకుంట గేటు దాటిండు. ఉరకలే, ఏడ్వలే, తలుపు గూడ గట్టిగ ఎయ్యలే. అందుకనే ఎవ్వరం ఎనుకపడలే. అన్నానికి పోతుండనుకున్నం. అప్పుడు పన్నెండుంబావు.

సాయంత్రం బస్సుల దిగలేదని వాళ్లమ్మ ఫోన్ చేసింది. నేను బండి తీసుకోని చెరువు కట్ట మీదికి పోయిన. ఎందుకు పోయినవ్ అంటున్నరు. మీ కానిస్టేబుళ్లు పొద్దుగాల ఎందుకు పోయిన్రో గందుకే పోయిన సార్. గా మాట నా నోట్ల రాదు, రాయకుర్రి.

సివిల్ మీద పిలగానికి గంత పావురం, గంత ఇష్టం ఏందని సుప్రజ మేడంను ఫోన్ల అడిగిన. వాళ్ల కాలనీల వాన పడ్డప్పుడల్ల నీళ్లొచ్చి గేటు ముందట నిలబడ్తయట. ఎవరికి వాళ్లు ఇంటి ముందట ఎత్తు పోసుకుంటరట, నీళ్లు పక్కింటికి పోతయట. ఇగ వాళ్లు ఎత్తు పోసుకుంటరు. "మేడం, అసలు ఈ నీళ్లు ఎటు పోవాలో కనుక్కోవచ్చా?" అని మొదటి దినమే అడిగిండట. గంత మాటకు సీఎస్‌ఈ ఇడిసిపెడ్తరా సార్? నాకైతే దిమాకుల పడ్తలేదు. తప్పని గూడ అనలేకపోతున్న.

గీడ ఎస్సై సార్‌కు ఫోన్ వచ్చింది. రైటర్ సారూ, గిది గూడ రాయిర్రి. పిలగాడు దొరికిండు. అల్వాల్ రైల్వే స్టేషన్ల ప్లాట్‌ఫారం బెంచీ మీద కూసున్నడట. నిన్నటిసంది గాడ్నే ఉన్నడట, ఏ రైలూ ఎక్కలేదట. రైల్వే పోలీసులు చూసి పేరడిగి ఫోన్ చేసిన్రు. పాణానికి ఏం కాలే. బయట వాళ్లమ్మ ఒక్క కేక పెట్టింది. చలపతిరావు సార్ లేచి నిలబడి, మల్ల కూసుండిపోయిన్రు.

ఒక్క నిమిషం నాకియ్యిర్రి సార్ అని నేను చేతులు జోడిచ్చిన. ఎస్సై సార్ అవతల పిలగానికి ఇయ్యమని చెప్పి, ఫోన్ నాకిచ్చిన్రు.

"బాబూ, నేను అడ్మిషన్ ధర్మేందర్‌ను. మీ నాయినకు తెల్వదురా. నేను సివిల్ అని చెప్పనే లేదు. నువ్వు తిరగేసి రాసినవనుకున్న. తప్పంత నాది," అన్న.

"నిజమేనా అండీ?" అన్నడు.

"నా పిల్లల మీద ఒట్టు."

ఏడ్సిండు. నేను గూడ ఏడ్సిన, మీరందరు చూసిన్రు, దాసుడెందుకు. జెరంత సేపైనంక, "తారీఖు అయిపోయింది, అయినా ప్రిన్సిపాల్ సార్ కాళ్లు పట్టుకుంట, ఏదో ఒకటి చేస్త. ఇగ మీ నాయినను అడగ, ఎవ్వర్నీ అడగ, నిన్నే అడుగుతున్న. నీకు ఏ బ్రాంచి గావాలె చెప్పు బిడ్డా," అన్న.

ఎనుక ఏదో రైలు పోతాంది.

"ఇప్పుడు నాకు తెలీట్లేదండీ," అన్నడు.

సార్, గిన్నేండ్లల్ల నా కిటికీ కాడికొచ్చిన పిల్లలల్ల, నాకు గిది గావాలె అని తన సొంతంగ ఎరుకై వచ్చింది గాయనొక్కడే. ఇప్పుడు గాయనకు గూడ తెల్వదట. గిది ఏ కేసు కిందికొస్తదో నాకెరుక లేదు. ఏ కేసైనా రాస్కోర్రి, నేను కాదనను.

రైటర్ సార్ రాసిందంత నాకు సదివి వినిపిచ్చిన్రు. నేను చెప్పిందే ఉన్నది. నా మీద ఎవ్వరూ జోరు చెయ్యలే, నా అంతట నేనే చెప్పిన, అంత నిజం. కింద నా సంతకం.

(సంతకం) ధర్మేందర్