చవగ్గా వచ్చిన ట్యాకిల్‌కి లెస్టర్ పెట్టిన పరీక్ష

అమెరికాకీ కెనడాకీ మధ్యనున్న ఎరీ సరస్సుకి అమెరికా ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో, జనవరి వచ్చిందంటే కాఫీ ఆవిరి కప్పు దాటకముందే గడ్డకట్టేది. జనం దాన్ని విరుచుకుని నోట్లో వేసుకునేవాళ్లు. అంత చలిలోనూ గడ్డకట్టనిది లెస్టర్ పావ్లిక్ నోరొక్కటే. ముప్పై ఏళ్లు బడి బస్సు నడిపి దిగిపోయిన మనిషి. ఆ పొద్దున హోటల్ కౌంటర్ దగ్గర మరీ గొంతు పెంచాడంటే కారణం లేకపోలేదు. పక్క స్టూలు మీద రేడియో మార్సీ కూర్చుని ఉంది. శనివారం అమెరికన్ ఫుట్‌బాల్ ఆటకి ముందు రేడియోలో ఏడు నిమిషాలు టీము సంగతులు చెప్పే మనిషి కోసం వెతుకుతోంది. ఆ కుర్చీ మీద లెస్టర్ పదకొండేళ్లుగా మనసు పెట్టుకున్నాడు.

మార్సీ అడిగింది ఒక్కటే. ఎడమ ట్యాకిల్, అంటే బంతి విసిరేవాడి వీపు కాచేవాడు, మోకాలు దెబ్బతిని మంచమెక్కాడు. వాడి బదులు ఆడుతున్నవాడికి మడమ నొప్పి. వీళ్లిద్దరి వెనకా ఉంచడానికి, లీగులో ఇంతకంటే తక్కువ ఇవ్వకూడదన్న జీతానికి, మార్విస్ కోల్ అనేవాణ్ణి రెండు వారాల కిందట పిలిపించారు.

"వాడు పనికొస్తాడా లెస్టర్ గారూ?"

"భలేదానివే అమ్మాయ్, వాణ్ణి పరీక్ష చేసిందే నేను. వచ్చిన రోజున నా పికప్ మంచులో దిగబడిపోతే వెనకనించి ఒక్క తోపు తోశాడు, బండి రోడ్డెక్కింది. అప్పుడే అనుకున్నాను, వీడిలో సరుకుందని."

"మొన్న నా బండిని మా ఆవిడ తోసింది. ఆవిణ్ణీ తీసుకోమను," అన్నాడు పోస్ట్‌మాన్ గస్.

"నువ్వుండవోయ్. మర్నాడు వాడి నడుముకి తాడు కట్టి, రెండో కొస పికప్‌కి కట్టి, యాక్సిలరేటర్ తొక్కాను చూడు, చక్రాలు తిరుగుతున్నాయి, వాడు కదలడు, చక్రాలు ఇంకా తిరుగుతున్నాయి, చివరికి తారు రోడ్డే చాపలా చుట్టుకుపోయింది, ఆ చుట్ట లోపల నేను. మునిసిపాలిటీ వాళ్లొచ్చి విప్పాల్సొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గడ్డకట్టిన సరస్సు మీదికి తీసుకెళ్లాను. చేపలు పట్టేవాళ్ల గుడిసెల పక్కన ఆట మొదట్లో వంగినట్టే చెయ్యి కిందికి ఆనించి వంగమన్నాను. ఈల వేశాను. వాడు లేచిన ఊపుకి వాడు ముందుకి పోలేదు, సరస్సు మీది మంచు మొత్తం వెనక్కి పోయింది, పద్నాలుగు గుడిసెలతో సహా పోయి పోయి కెనడా ఒడ్డుకి తగిలింది. లోపలివాళ్లు తలుపు తీస్తే ఎదురుగా కెనడా పోలీసు, పాస్‌పోర్టులు చూపించమంటూ."

"చేపల్ని కూడా అడిగాడా?" అన్నాడు గస్.

"పెద్దవాటినే."

మార్సీ నవ్వింది గానీ నోటు పుస్తకంలో ఒక్క ముక్కా రాయలేదు. ఆ తెల్లకాగితం చూసేసరికి లెస్టర్‌కి తెలిసిపోయింది, శనివారం చేతిలోంచి పోతోంది. స్టూలు ముందుకి జరుపుకున్నాడు.

"పోనీ అదంతా వదిలెయ్. రోజూ పొద్దున ఆరింటికి వాడు దిగిన ఇంటి గరాజులో మా ఇద్దరికీ కుస్తీ. ఇలాంటివాళ్లని ఎప్పుడు పొమ్మంటారో తెలీదు కదా, ఇల్లు తీసుకోరు, వారం వారం అద్దెకి గదిలో ఉంటారు. ఆ ఇంటావిడకి బ్రహ్మచెముడు. నిన్న గోడ కూల్చి మళ్లీ కట్టేశాం, ఆవిడ నిద్రలో పక్కకి కూడా తిరగలేదు."

వెనక బల్ల దగ్గర సూపు తాగుతున్న బెర్నడీన్ చెంచా కింద పెట్టింది.

"లెస్టరూ, ఆ చెవిటిదాన్ని నేనే."

బెర్నడీన్ మూతి తుడుచుకుని మళ్లీ అందుకుంది.

"రెండు వారాల్నించీ మా మేడమీద గదిలోనే ఉంటున్నాడు. గరాజులో నా పచ్చడి జాడీలున్నాయి. నువ్వు లేవు."

"మరి పనికొస్తాడా అండీ?" మార్సీ ఆవిడవైపు తిరిగింది.

"బలం సంగతి నాకేం తెలుస్తుంది. ఏడేళ్లు కుడివైపే ఆడాడట. ఎడమవైపు నిలబడాలంటే కాళ్లూ చేతులూ అన్నీ తారుమారు చేసుకోవాలిట. అందుకని మా ఇంట్లో తలుపు తీసినా, గడ్డం గీసుకున్నా, సూపు తాగినా ఎడమ చేత్తోనే. మొదటి వారం బల్లమీద గుడ్డంతా టమాటా సాసు. ఈ వారం ఒక్క మూలే. ఉతికేది నేను కదా, తెలుస్తుంది. నిన్న బఠానీలు పెట్టాను, మూడే దొర్లాయి. పావు ఆటకి ఢోకా లేదు. ఆట మొత్తం అంటే ఇంకో పది రోజులు పడుతుంది. ఈ శనివారానికి మాత్రం ఆ ముందువాడి మడమ చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకోండి."

మార్సీ పెన్ను ఎంత వేగంగా పరుగెత్తిందంటే కాగితం కమురు వాసన వేసింది. కప్పు పట్టుకుని బెర్నడీన్ బల్ల దగ్గరికి మారిపోయింది.

"శనివారం తొమ్మిదింటికి మా రేడియో స్టేషన్‌కి రాగలరా?"

"నాకు బండి లేదే."

అందరూ లెస్టర్ వైపు చూశారు. లెస్టర్ తన కప్పులోకి చూసుకున్నాడు.

"నేను దింపుతాలే," అన్నాడు. "దారిలో ఏం చెప్పాలో నాలుగు ముక్కలు నేర్పుతాను."

"దింపు," అంది బెర్నడీన్, చెంచా మళ్లీ తీసుకుంటూ. "దారిలో మాత్రం మాట్లాడకు."

స్టేషన్ నాలుగు వీధుల అవతలే. లెస్టర్ తన జన్మలో అంత దూరం నోరు మూసుకుని బండి నడిపింది లేదు.