ఖాళీ గదిలో ముప్పై ఎనిమిది మంది

పంతొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం, జూన్ నెల పదో తేదీ, సోమవారం ఉదయం ఎనిమిది గంటల నలభై నిమిషాలకు ఇరవై అయిదేళ్ల యువతి ఒకరు మన బాలికల పాఠశాల కార్యాలయంలో గుమస్తాగా చేరారు. కూర్చోవడానికి కుర్చీ చూపించకముందే అప్పటి ప్రధానోపాధ్యాయిని ఆమె చేతుల్లో ఆరు హాజరు పట్టీలు పెట్టి, "వెళ్లి పిలిచి రామ్మా" అన్నారట. ఆ వెళ్లడం వెళ్లడం ముప్పై మూడేళ్లపాటు వెళ్తూనే ఉన్నారు. ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ఆ కర్తవ్యపరాయణురాలిని గురించి నాలుగు మాటలు ప్రచురించుకునే భాగ్యం ఈ ప్రత్యేక సంచికకు దక్కింది. తల్లిదండ్రులు ఆమెకు పెట్టిన పేరు చక్కనిదే గాని, జీతాల పట్టీలో తప్ప దాన్ని ఎవరూ వాడిన దాఖలా లేదు. పిల్లలకూ పెద్దలకూ, వీధి చివర పాలు అమ్మే ఆయనకు కూడా ఆమె హాజరు మేడమే.

బయటివారికి ఒక సంగతి విన్నవించాలి. మన పాఠశాలలో ఉపాధ్యాయినులు హాజరు తీసుకోరు. బోధించేవారి ఇష్టాయిష్టాల నీడ హాజరు పట్టీ మీద పడరాదన్నది సంస్థాపకురాలి ఆశయం. అందుచేత గుమస్తాయే తరగతి తరగతికీ వెళ్లి, పేర్లకు బదులు ప్రవేశ సంఖ్యలు చదవాలి. పిల్ల లేచి నిలబడి "ఉన్నాను మేడం" అనాలి. ఒకరి సంఖ్యను మరెవరికీ ఇవ్వరు. బడి వదిలి ఎన్నేళ్లయినా అది ఆమెదే. కబురు లేకుండా వరసగా మూడు రోజులు పలకని పిల్ల ఇంటికి గుమస్తా స్వయంగా వెళ్లి రావాలి. అంతకు ముందరి గుమస్తాలు ఈ చివరి నియమాన్ని ఒక పోస్టుకార్డుతో సరిపెట్టేవారు. హాజరు మేడం మాత్రం కాలినడకన బయలుదేరేవారు. చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఇంట్లో ఆపేసిన పిల్లనూ, బూట్లు చిరిగాయన్న సిగ్గుతో మంచం కింద దూరిన పిల్లనూ ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చారు. పంపేది లేదని భీష్మించిన తండ్రులు కూడా ఉన్నారు. "మీరు పంపేదాకా నేనిక్కడే కూర్చుంటాను, టీ పెట్టించండి" అని ఆమె వాళ్ల వసారాలో బైఠాయించిన ఉదంతాలను ఆనాటి సహోద్యోగులు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు.

తొంభై ఎనిమిదిలో సీనియర్ గుమస్తాగా, రెండు వేల తొమ్మిదిలో కార్యాలయ పర్యవేక్షకురాలిగా ఆమెకు పదోన్నతులు లభించాయి. కుర్చీ మారింది, గది మారింది, నెత్తి మీద కిర్రుమనే ఫ్యాను సైతం మారింది. హాజరు పట్టీలు మాత్రం చేతులు మారలేదు. ఆ పట్టీల్లో ఒక్క కొట్టివేత లేదని, బ్లేడుతో గీకిన జాడ అసలే లేదని తనిఖీకి వచ్చిన అధికారులు లిఖితపూర్వకంగా ప్రశంసించారు. పిల్లలు ఒకరి బదులు ఒకరు పలికే దొంగ హాజరు ఆమె దగ్గర చెల్లేది కాదు. ఆమె మొట్టమొదట పిలిచిన ఆరో తరగతిలో, పదిహేడు నలభై ఒకటి నుంచి పదిహేడు డెబ్బై ఎనిమిది వరకు ముప్పై ఎనిమిది మంది ఉండేవారు. అందులో పదిహేడు అరవై మూడుది ఈ విద్యలో అందెవేసిన చెయ్యి. ఆరుగురు స్నేహితురాళ్ల గొంతులు అచ్చుగుద్దినట్టు దించేది. "అరవైమూడూ, అయిదుగురు చాలు, ఆరోది ఎక్కువైంది. కూర్చో" అనేవారు మేడం, తల ఎత్తకుండానే. ఆ పిల్లకు తరగతిలో అదే పేరు స్థిరపడిపోయింది, అరవైమూడు అని.

మేడం బడి వెనకనున్న క్వార్టర్సులో అక్కగారితో నివసిస్తారు. అక్కగారికి ఊపిరితిత్తులు బలహీనం, నోరు మాత్రం బలం. "పొద్దున్నే నన్ను కూడా లెక్కపెట్టి గాని గుమ్మం దాటదు మా చెల్లెలు. ఇంట్లో ఉన్నదే ఒక్కదాన్ని!" అని వచ్చినవారికల్లా చెబుతారు.

రెండు వేల ఇరవై మార్చిలో మహమ్మారి కారణంగా బడులు మూతపడ్డాయి. వెయ్యి గొంతులు వినిపించే ఆవరణలో కుళాయి చుక్కలు కారడం వినిపించసాగింది. పాత రికార్డులకు చెదలు పట్టకుండా దులిపే పని మీద మేడం ఒక్కరే రోజూ వచ్చేవారు. ఆ రోజుల్లోనే ఆమె తొలి తరగతి బాలికలు, అప్పటికి నలభయ్యో పడిలో పడిన గృహిణులు, నర్సులు, డ్రైవర్లు, అధికారిణులు, ఫోన్లలో ఒక బృందంగా ఏర్పడి, ఒక సాయంత్రం మేడాన్ని కూడా అందులో చేర్చారు. ఈ విషయం మేడానికి తెలియదు. ఫోను కొత్తది, ఎక్కడ నొక్కితే ఏమవుతుందో అంతకన్నా తెలియదు.

మరునాటి ఉదయం ఆమె ఆరో తరగతి గదిలో, కిటికీ పక్కన బల్ల మీద తొంభై ఒకటి నాటి పట్టీ తెరిచారు. ఫోను దుమ్ము గుడ్డ కింద ఉంది. గుడ్డ తీసి పట్టీ తుడిచి మళ్లీ ఫోను మీద పడేసినప్పుడు బృందానికి పిలుపు వెళ్లిపోయింది. మేడం కళ్లద్దాలు సవరించుకుని, పాత అలవాటు కొద్దీ, ఎవరూ లేని బెంచీల కేసి చూస్తూ పైకే చదివారు.

"పదిహేడు నలభై ఒకటి."

"ఉన్నాను మేడం" అంది ఒక ముదురు గొంతు, గదిలోంచే.

మేడం గది నాలుగు మూలలా చూశారు. బెంచీలు ఖాళీ. తలుపు దగ్గరగా వేసి ఉంది. అయినా కలం పట్టిన చెయ్యి ఆగలేదు. టిక్కు పెట్టి రెండో సంఖ్య చదివారు. "ఉన్నాను మేడం" అంది మరో గొంతు. పందొమ్మిదో సంఖ్య దగ్గర ఎవరో పకపకా నవ్వేదాకా అది ఫోను అని ఆమెకు తట్టలేదు. "మరి దయ్యాలేమో అనుకున్నప్పుడు పారిపోలేదేం మేడం?" అని తరువాత ఎవరో అడిగితే, "దయ్యాలైతే మాత్రం? సగం పిలిచి ఎలా వదిలేస్తాం!" అన్నారు. వరండా ఊడుస్తున్న ఆయమ్మ మాత్రం చీపురు అక్కడే పారేసి, "లోపల ఎవ్వరూ లేరండీ, కానీ అందరూ పలుకుతున్నారు" అని వారం రోజులు ఆ వైపు తొంగిచూడలేదు.

మరునాటి నుంచి అదే పద్ధతి అయింది. తొమ్మిదింటికి ఆ గదిలోనే, ఆ బల్ల మీదే ఫోను నిలబెట్టి మేడం పిలిచేవారు. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో ముప్పై ఎనిమిది గొంతులు పలికేవి. మూడు రోజుల నియమం యథాతథంగా అమలైంది. పలకని వారి ఇంటికి దగ్గరలో ఉన్నవారు వెళ్లి తలుపు తట్టి రావాలి. ఆ విధంగా మందులు చేరాయి, బియ్యం చేరాయి. భర్తను పోగొట్టుకుని మూల కూర్చున్న పదిహేడు డెబ్బైని పలికించడానికి మేడం ఆమె సంఖ్యను వరసగా పదకొండుసార్లు పిలిచారని, పదకొండోసారి ఆమె భోరుమని ఏడుస్తూ పలికిందని ఆ బృందంలోని వారు ఈనాటికీ కళ్లొత్తుకుంటూ చెబుతారు.

మరుసటి ఏడు మే నెలలో రోగం రెండోసారి విజృంభించింది. అరవైమూడు అప్పటికి మన ఊళ్లోనే, బడికి రెండు కిలోమీటర్ల దూరంలో, ఒక ముద్రణాలయానికి ప్రూఫులు దిద్దుతూ ఒంటరిగా ఉండేది. ఒక మంగళవారం ఆమె "ఉన్నాను మేడం" అన్న వెంటనే చెంచా కింద పడిన చప్పుడు వినిపించింది. మేడం ముసిముసిగా నవ్వుకున్నారు. బుధవారం ఆమె పలికింది, చెంచా పడింది. గురువారం పలికింది, చెంచా పడింది. ఎత్తు తేడా లేదు, చప్పుడు తేడా లేదు, పడ్డాక నేల మీద చేసిన రెండు చిన్న గలగలల్లో కూడా తేడా లేదు. ఆరో రోజున మేడం ఎందుకో అనుమానం వచ్చి విడిగా ఫోను చేశారు. ఎత్తలేదు గాని, "బాగానే ఉన్నాను మేడం, పనిలో ఉన్నా" అని సందేశం వచ్చింది. సరే అనుకుని పట్టీలో టిక్కు పెట్టారు. అలా తొమ్మిది రోజులు పెట్టారు.

పదో రోజున, "ఉన్నాను మేడం", చెంచా. మేడం తరువాతి సంఖ్యకు వెళ్లలేదు.

"అరవైమూడూ, పొద్దున్న ఏం తిన్నావే?"

మేడం ఫోను కేసి వంగారు. తరువాత, "ఉన్నాను మేడం." చెంచా.

"నేనడిగింది వినబడిందా తల్లీ?"

"ఉన్నాను మేడం." చెంచా.

మేడం ఇంకేమీ అడగలేదు. అయినా ఆ గొంతు ఆగలేదు. పిలవకుండానే, అడగకుండానే, ఖాళీ బెంచీల మధ్య అదే హుషారుతో "ఉన్నాను మేడం" అంటూనే ఉంది. చెంచా పడుతూనే ఉంది. మధ్యాహ్నపు ఎండ లాంటి తెల్లని వెలుగు పొద్దున్నే గది నిండా పరుచుకుని ఉంది.

పట్టీ మూయకుండానే లేచారు. క్వార్టర్సు గుమ్మం బయట నిలబడి అక్కగారికి సంగతి చెప్పారు. అరవైమూడు ఇంట్లోకి వెళ్తే రోగం వెంట తెచ్చుకోవచ్చు, తెచ్చుకుంటే ముందుగా అంటుకునేది అక్కగారికే. ఇద్దరికీ ఆ మాట తెలుసు.

"ఎంతసేపు నిలబడతావే అక్కడ? వెళ్లు. వారం రోజులు బళ్లోనే పడుకో, నా అన్నం నేను వండుకోగలను" అన్నారు అక్కగారు.

బడి వ్యాను డ్రైవరు నిర్మానుష్యమైన వీధుల్లో బండి నడిపాడు. మూడో అంతస్తులో తలుపు లోపల గడియ పెట్టి ఉంది. ఎదురింటావిడ మాస్కు సర్దుకుంటూ తొంగిచూసింది.

"ఆవిడకేంటండీ, బాగానే ఉంది. రోజూ గొంతు వినిపిస్తూనే ఉంది కదా. ఇవాళైతే పొద్దున్నుంచీ ఆపకుండా మాట్లాడుతోంది."

తలుపు అవతల నుంచి సన్నగా, "ఉన్నాను మేడం."

"ఆ తలుపు పగలగొట్టు బాబూ" అన్నారు మేడం.

డ్రైవరు జాకీ రాడ్డుతో గడియ ఊడదీశాడు. దిండు మీద రెండు ఫోన్లు ఎదురెదురుగా ఉన్నాయి. పాతదానిలో ఆమె ఆరోగ్యంగా ఉన్నప్పుడు రికార్డు చేసుకున్న ఆ రెండు మాటలు, అప్పుడు చెయ్యి జారి పడిన చెంచా చప్పుడుతో సహా, ఆపేవారు లేక తిరుగుతూనే ఉన్నాయి; కొత్తది వింటోంది. అరవైమూడు మంచం పక్కన నేల మీద పడి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. మేడం ముందుగా ఆ పాత ఫోను నోరు మూయించి, తరువాత ఆమె తలను ఒడిలోకి తీసుకున్నారు. అటు కొత్త ఫోనులో ఎవరూ లైను వదలలేదు. వారిలో నర్సుగా ఉన్న పదిహేడు యాభై రెండు అరగంటలో ఆక్సిజను ఉన్న మంచం సంపాదించింది.

పద్దెనిమిది రోజులకు అరవైమూడుకు మాట వచ్చింది. ఆస్పత్రి కిటికీ అద్దానికి అవతల నిలబడ్డ మేడంతో ఫోనులో అంది: "దగ్గు వినబడితే మీరంతా పరుగెత్తుకొస్తారని భయమేసింది మేడం. పిల్లలున్నవాళ్లు, మీ అక్కగారు... నా ఒక్కదాని కోసం ఎందుకులే అనిపించింది. అందుకే దొంగ హాజరు..."

మేడానికి ఎక్కడలేని కోపం వచ్చింది. "నీ హాజరు నువ్వే దొంగగా వేసుకున్నావా! సిగ్గు లేదూ? రానిదాన్ని వెతకడానికే కదే పిలిచేది!" అని, అద్దానికి నుదురు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ మహానుభావురాలి కళ్లలో నీళ్లు చూడటం అదే మొదలని డ్రైవరు సాక్ష్యం.

ఆ సాయంత్రమే ఆమె పట్టీ తెరిచి, అరవైమూడు ఎదురుగా తొమ్మిది టిక్కులను ఎర్ర సిరాతో కొట్టివేసి, ప్రతిదాని పక్కనా "నా పొరపాటు" అని రాసి సంతకం పెట్టారు. ముప్పై మూడేళ్ల సేవలో ఉన్న కొట్టివేతలు ఆ తొమ్మిదే. అప్పటినుంచి ఉట్టి "ఉన్నాను" ఆమె దగ్గర చెల్లదు. తిన్నదో, కన్నదో, తిట్టుకున్నదో, నిన్న చెప్పని మాట ఒకటి చెబితేనే టిక్కు. బడులు తెరిచాక తరగతుల్లోనూ అదే ఆచారం నెలకొన్నది; దానివల్ల మొదటి పీరియడు పావుగంట కరిగిపోతోందని గణిత విభాగం వారి ఫిర్యాదు ఇంకా పరిశీలనలోనే ఉంది.

ముద్రణాలయం మూతపడ్డాక అరవైమూడు మన కార్యాలయంలోనే ఉద్యోగంలో చేరారు. హాజరు పట్టీలు ఎవరికి అప్పగించాలని యాజమాన్యం అడిగినప్పుడు మేడం క్షణమైనా ఆలోచించలేదు. "అరవైమూడుకే ఇవ్వండి. ఎంత బాగా పలికినా మనిషి అక్కడ లేకపోవచ్చని దానికి తెలిసినంతగా మనలో ఎవరికీ తెలియదు" అన్నారు. అరవైమూడు గారు ఆ రెండు మాటలను ఈనాటికీ నోట పలకరు. అదృష్టవశాత్తు, పిలిచేవారు వాటిని పలకనవసరం లేదు.

ఆ గొంతు ఇప్పటికీ కొన్ని ఉదయాలు, పట్టీ తెరవకముందే, గదిలో వినిపిస్తుందని మేడం ఒకసారి మనలో కొందరికి చెప్పారు. "భయం వేయదా?" అంటే, "వేస్తుంది. అందుకే వెంటనే వెళ్లి అరవైమూడు మొహం చూసొస్తాను" అన్నారు.

మూడు దశాబ్దాలకు పైగా ఇతరుల ఉనికిని విచారించడంలోనే జీవితం వెచ్చించిన శ్రీమతి హాజరు మేడం గారికి, వారి అక్కగారి సాహచర్యంలో ఆయురారోగ్యాలు, ఆయాసం లేని సాయంకాలపు నడకలు, కంటినిండా నిద్ర చిరకాలం సమకూరాలని పాఠశాల కుటుంబం యావత్తూ మనసారా ఆకాంక్షిస్తోంది. మోకాళ్ల నొప్పితో మీరు మెట్ల దగ్గర ఆగి, ఎవరైనా చూస్తే నోటీసు బోర్డు చదువుతున్నట్టు నటించడం మేము గమనించలేదనుకోవద్దు. మేడం, మీరు నూరేళ్లు చల్లగా ఉండండి. ఏనాడైనా ఒంట్లో బాగోకపోతే మాత్రం, మాతో బాగానే ఉందని అనకండి.