నలభై ఎనిమిది డిగ్రీల గెంజిరో

టోక్యోలో సుమిదా ఏటి పక్క సందులో సుమియె స్నానశాల. మధ్యాహ్నం తెరిచినట్టు గుర్తుగా గుమ్మానికి తెర కట్టకముందే లోపలికొచ్చి కూర్చునే ముసలాళ్లు ఇద్దరు: పెంకులు నేసే పని మానేసిన గెంజిరో ఒకడు, నిన్నటి వేడినీళ్ల ఎరుపు ఇంకా మెడమీంచి దిగని మంగలి మోరియా ఇంకొకడు. ఆ రోజు వాళ్లిద్దరికీ పోటీ పెట్టింది సుమియే. ఆవిడకి రేపు మోకాలి ఆపరేషన్, వారం రోజులు ఆసుపత్రి. గల్లా పక్కన గాజుపెట్టెలో ఉండచుట్టుకుని పడుకునే చిన్నజాతి కొండచిలువ దైఫుకుని ఎవరికి అప్పగించాలి? ఇంట్లో ఆవిడకి ఎదురు చెప్పని ప్రాణి అదొక్కటే మరి!

"పెట్టెలో వేడి దీపం కింద రాయి ముప్పై రెండు డిగ్రీలుండాలి, అటు చివర చల్లగా ఉండాలి. అంతే పని," అంది సుమియె.

"ముప్పై రెండా!" గెంజిరో తొడ చరిచాడు. "అమ్మాయ్, అది పాముకి వేడా, పడిశం తెప్పించే గాలా? ఓసారి ఆగస్టు ఎండలో గుడి కప్పు నేస్తున్నానా, పెంకు మీద అట్టు పోయొచ్చు, అంత కాలుతోంది, దాని మీద ఓ పాము కాళ్లు చాపుకుని పడుకుంది."

"పాముకి కాళ్లేవిట్రా?" అన్నాడు మోరియా.

"ఉంటే చాపుకునేదని! అడ్డు రాకు. ఇంటికి తెచ్చి దీపం పెట్టా. నలభైకి పెడితే తుమ్మింది. యాభైకి పెడితే తోకతో గాజు మీద టకటకా కొట్టింది, ఇంకా ఇంకా అని. అరవైకి పెట్టా. అప్పుడు కళ్లు మూసుకుంది, మా ఆవిడ టీ తాగాక మూసుకున్నట్టు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చచ్చిపోయింది," అంది సుమియె.

"నీ నోట్లో ఉప్పుపొయ్య! కొత్త సంవత్సరం నాడు దాని వీపు మీద బియ్యపు బిళ్లలు కాల్చుకు తిన్నాం. చక్కగా పొంగాయి. సందులో వాళ్లంతా పళ్లేలు పట్టుకుని వరసకట్టారు. ఆ చలికాలం మా వీధిలో మంచు నిలిస్తే ఒట్టు! అంతెందుకు, మీ మామగారి హయాంలో ఇక్కడే పొయ్యి చెడిపోతే ఆ పాముని తొట్టెలోకి దించాం. చుట్ట కాల్చేలోపు నీళ్లు తెర్లిపోయాయి!"

"మామయ్య ఎప్పుడూ చెప్పలేదే?"

"సిగ్గు తల్లీ, సిగ్గు. యజమాని పాముతో నీళ్లు కాచానని చెప్పుకుంటాడా?" అంటూ గెంజిరో లేచి గాజుపెట్టె మీదికి వంగాడు. "దైఫుకూ, నువ్వూ ఈ పేట బిడ్డవేరా. గోరువెచ్చని నీళ్లు బయటూరి వాళ్లకి. మనకి యాభై!" చెయ్యి దీపం మీట దాకా వెళ్లింది.

సుమియె గబుక్కున లేస్తే మోకాలు కలుక్కుమంది. అయినా గొంతు మాత్రం తేనెలా పలికింది.

"ఆగండి బాబాయ్. మన మర్యాద మరిచిపోతే ఎలా? తొలి స్నానం పెద్దవాళ్లది. దైఫుకు మీ తర్వాతే. పెద్ద తొట్టె ఇవాళ నలభై ఎనిమిదికి కాయించాను. మీరు కానిచ్చి రండి, ఆ తర్వాత మీట మీ ఇష్టం."

గెంజిరో చెయ్యి గాల్లో ఆగిపోయింది. "నలభై ఎనిమిదా... నాకిప్పుడు కొంచెం..."

"అట్టు పోసిన పెంకు మీద తిరిగినవాడివి కదూ? వెళ్లు," అన్నాడు మోరియా.

తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లాడు పాపం, ఇక వెళ్లక ఏం చేస్తాడు. తలుపు జరిగింది. ఇద్దరూ చెవులొగ్గారు. ఒక 'అమ్మో!' వినబడింది. వెనకే చన్నీళ్ల కుళాయి తిరిగిన చప్పుడు, బుడబుడా, ధారగా, ఆగకుండా.

మోరియా కడుపు పట్టుకుని నవ్వాడు. "రోజూ ఇంతేనా?"

"రోజూ. నేను కూర్చునే ఈ గద్దె మీంచి మగవాళ్లదీ ఆడవాళ్లదీ రెండు గదులూ కనిపిస్తాయి బాబాయ్. చుట్టూ చూస్తాడు, కాలి బొటనవేలితో కుళాయి తిప్పుతాడు."

"అయితే పాము నాదేగా!"

"కాదు. ఆయనకే ఇస్తున్నా."

"అన్ని కోతలు కోసినవాడికా!"

"నోటి వేడికి పాము కాలదు బాబాయ్. మీరు మరిగే నీళ్లలో గంట కూర్చుని రొయ్యలా ఎర్రబడి బయటికొచ్చి, 'ఇవాళ కొంచెం చల్లగా ఉన్నాయమ్మా' అంటారు. ఆ రాయి నిప్పులా కాలినా మీకు తెలీదు. ఆయనైతే ముప్పై మూడు కాగానే దైఫుకు కన్నా ముందు తనే అరుస్తాడు."

దీపం మీట కదలకుండా దాని మీద పట్టీ అంటించి, గెంజిరో కోసం ఒక చల్లటి పాలసీసా తీసి గల్లా మీద పెట్టింది సుమియె. లోపల కుళాయి ఇంకా పారుతూనే ఉంది.