జింకల మాస్టారు నొక్కని మీట

1991 జూలై పదకొండవ తేదీన జీవశాస్త్ర విభాగంలో అధ్యాపకులుగా బాధ్యతలు స్వీకరించిన మన జింకల మాస్టారు, కప్పను కోయడానికి జంకని విద్యార్థులు సైతం కంప్యూటర్ ముందు బిక్కచచ్చిపోయే ఆ రోజుల్లో, ఏకంగా ఒక జింకల మందను దాని తెరమీదికి తోలుకొచ్చి వారి భయం పోగొట్టారు. ఒక్కొక్కరు ప్రోగ్రాములో ఒక్కో జింకకు స్వభావం రాయాలి. అది ఎప్పుడు మేస్తుందో, పులి వస్తే ఎటు పరుగెడుతుందో నిర్ణయించాలి. మీట నొక్కేముందు ఏం జరగబోతుందో పైకి చెప్పి తీరాలన్నది మాస్టారి కట్టుబాటు. మనం రాయనిది తెరమీదికి రాదన్నది వారి దృఢవిశ్వాసం.

రీడరుగా, ఆచార్యులుగా పదోన్నతులు పొందుతున్న కాలంలోనే వారి ఏకైక కుమార్తె అదే తరగతిలో చేరింది. ఇంట్లో "నాన్నా", ఇక్కడ "సార్". ఆ అమ్మాయి రాసిన జింక పరుగు మధ్యలో ఆగి, వెనకబడిన దానికోసం ఎదురుచూసేది.

"ఇలా ఆగితే పులి నోట్లో పడుతుందమ్మా."

"పడనివ్వండి సార్. వెనకున్నవాళ్ళని వదిలేసి ఎలా పోతుంది?"

తరగతి గొల్లుమంది. మాస్టారు మొహమాటం లేకుండా మార్కులు కోశారు. మరుసటి ఏడాది విషజ్వరం ఆ బిడ్డను తీసుకుపోయింది. ఆమె జింకను ఆ తండ్రే స్వహస్తాలతో తుడిచేశారు.

అప్పటినుంచి ఏ ఏడు మందను నడిపినా ఒక జింక ఎక్కువే. తెర అంచున, తల వెనక్కి తిప్పి, కదలకుండా నిలబడుతుంది. పులి దాన్ని తాకకుండానే వెళ్ళిపోతుంది. యంత్రాలు మార్చారు, ప్రోగ్రామును మొదటినుంచీ తిరగరాశారు, సహోద్యోగులు తలలు బద్దలుకొట్టుకున్నారు.  మాస్టారు ఒంటరిగా ఆ కంప్యూటర్ గదిలో అడుగుపెట్టడం మానేశారు.

పదవీ విరమణకు ముందు, మొన్న చివరి తరగతిలో విద్యార్థులు పట్టుబట్టారు. "ఈ ఒక్కసారి మీ జింకని కూడా పెట్టండి సార్!" కాదనలేక, వయసు మళ్ళి పరుగులో వెనకబడే జింకను రాశారు. "ఇప్పుడు ఏం జరుగుతుందో చెప్పండి సార్, తర్వాతే నొక్కాలి," అంటూ పిల్లలు వారి కట్టుబాటును వారికే అప్పజెప్పారు.

ఏం జరుగుతుందో మాస్టారికి తెలుసు. ఇంకా మీట నొక్కకుండానే, ఆ తెరమీద ఏళ్ళ తరబడి కదలని జింక వారివైపు ఒక్క అడుగు వేసింది.

వారు మీట మీంచి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "ఇంకొంచెం ఆగమ్మా. మీ అమ్మ ఒక్కతే అయిపోతుంది," అన్న మాట ముందు బెంచీ పిల్లలకు వినబడింది.

మాస్టారు ధర్మపత్నీ సమేతంగా ఆయురారోగ్యాలతో, కంటినిండా నిద్రతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని, తెర అంచున నిలిచిన ఆ బిడ్డ ఇంకా ఎన్నెన్నో ఏళ్ళు అలాగే ఎదురుచూడాలని విభాగమంతా మనసారా కోరుకుంటున్నది.