గోడ దాకా జరిగిన అక్క

గోడ అవతల చీమ తుమ్మినా వినిపించే చెవులు నావి. అక్కాచెల్లెళ్లిద్దరు పాతకాలపు బాణీలో పాటల ఆల్బమ్ చేస్తున్న స్టూడియోలో, టేపు మిషను బాగుచేస్తూ పక్కగదిలోంచి ఈ మాటలు విన్నాను.

“అక్కా, నిన్న పాడినవన్నీ విన్నాను. ఒక్క పాటలోనూ నీ గొంతు లేదు.”

“పాత పద్ధతిలో ఇద్దరికీ ఒకే మైకు కదే. నాది పెద్ద గొంతని వెనక్కి జరిగాను.”

“ఒక్క అడుగు జరగమన్నారు. నువ్వు గోడకి ఆనుకుని ఉత్త పెదాలు కదిపావు.”

“గోడ చల్లగా ఉందిలే.”

“వేళాకోళం వద్దు. రికార్డుల కంపెనీ ఆయన నీతో ఏమన్నాడు?”

ఇక్కడ జవాబు వినపడక నేను తలుపు దగ్గరికి జరిగాను. చీమ సంగతి మరిచిపోండి.

“నీ గొంతు ఇంటింటా మోగుతుందన్నాడు. నాది జీరబోయిందన్నాడు. ఉన్నమాటే కదా.”

“ఆల్బమ్ అట్ట మీద ఇద్దరి బొమ్మ వేసి, లోపల నేనొక్కదాన్నే పాడాలా?”

“ఇన్నేళ్లూ ఖాళీ కుర్చీలకి పాడాం. ఈ ఒక్కసారైనా నలుగురూ విననీవే.”

“నువ్వు పక్కన లేకపోతే నాకు శ్రుతి అందదక్కా.”

“నిన్న అందిందిగా, పిచ్చిదానా. అది వినే నాకు ఏడుపొచ్చింది.”

చెల్లెలు అక్కను మైకు ముందుకు లాక్కొచ్చింది. ఇద్దరూ చెంపకు చెంప ఆనించి పాడారు.

ఈ లాక్కురావడం, పాడటం మాత్రం నేను కల్పించినవి. ఉన్నదున్నట్టు చెప్పడానికి నోరు రాలేదు. అక్క తన చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా బయటికి వెళ్లిపోయింది. చెల్లెలు ఒక్కతే పాడింది, ఎక్కడా శ్రుతి తప్పకుండా.